పంపు ఆగిన పన్నెండు నిమిషాలు

కల్మావారా ఆసుపత్రి బాయిలర్ మెకానిక్‌ను పొద్దున ఎనిమిదింటికి కాల్చి చంపారు. పదకొండింటికల్లా ఏజెంట్ ఔలిస్, ఆ మెకానిక్ వేసుకునే రకం నీలం కోటు తొడుక్కుని, అదే బాయిలర్ గదిలో నిలబడ్డాడు. బయట మైనస్ ముప్ఫై ఎనిమిది.

చెవిలో కర్నల్ సావెలా గొంతు వినిపించింది.

"మూడో అంతస్తులో మన రాకెట్ ఇంజనీరున్నాడు. నిన్ననే గుండె ఆపరేషన్. మెకానిక్‌ని చంపిన ముఠాకి అతను ప్రాణాలతో కావాలి. లోపల మనవాళ్ళ కాపలా ఉంది కాబట్టి..."

"అతన్నే బయటికి రప్పిస్తారు. హీటింగ్ పోతే ఆసుపత్రి ఖాళీ చెయ్యాల్సిందే. ఆ గందరగోళంలో ఏ అంబులెన్స్ ఎవరిదో ఎవడు చూస్తాడు సార్?"

"పర్లేదే! నీ బుర్ర గడ్డకట్టిందనుకున్నా."

ఔలిస్ జేబులోంచి పెన్ను తీశాడు. రాసే పెన్ను కాదది, నీళ్ళలో ఏం కలిసుందో చూపే పరికరం. పైపులోంచి ఒక్క చుక్క దాని గాజు మీద వేసి వెలుతురుకి పెట్టి చూశాడు. పైపుల్లో ఉండాల్సింది గ్లైకాల్ కలిపిన నీళ్ళు. ఎంత చలికైనా తట్టుకుంటాయి. ఇప్పుడున్నవి ఉత్త కుళాయి నీళ్ళు! పంపు ఆగిందంటే అటకలోని పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. వెంటనే మనుషుల్ని పంపమని కర్నల్‌కి చెప్పాడు.

తలుపు తోసుకుని ఇర్మెలి వచ్చింది, నర్సు వేషంలో, రెండు కాఫీలతో. ఉద్యోగంలో అతని జోడీ. రెండేళ్ళుగా భార్య కూడా. ఆ అందానికి మూడు దేశాల రాయబారులు రహస్యాలు కక్కేశారు.

"ఏమయ్యా మెకానిక్కూ, పెళ్ళి సూటు కన్నా ఈ కోటే నయంగా ఉందే!" అంటూ, సన్నగా కారుతున్న కుళాయిని కట్టేసింది. "నీళ్ళన్నీ దండగ."

ఔలిస్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఇంత చలిలో కుళాయి సన్నగా వదిలెయ్యాలని ఈ ఉత్తరాన పసిపిల్లలకి కూడా తెలుసు. కదిలే నీళ్ళు ఓ పట్టాన గడ్డకట్టవు. ఈ ఉత్తరాదిలోనే, ఇనారిలో అమ్మమ్మ దగ్గర పెరిగానని ఇర్మెలి ఎన్ని కథలు చెప్పిందో! హెల్సింకి ఫ్లాట్‌లో కుళాయి వదిలే అవసరమే రాలేదు. అందుకే ఆ కథలన్నీ అబద్ధాలని ఇన్నాళ్ళూ తెలియలేదు, ఈ పిచ్చి మొద్దుకి.

"మీ అమ్మమ్మ చూస్తే చెయ్యి విరగ్గొట్టేది," అన్నాడు మెల్లగా.

ఆమె కుళాయి వంక చూసింది. ముఖం పాలిపోయింది.

"మా చెల్లెలు ఆ ముఠా చేతిలో ఉంది, ఔలిస్. అందుకే వాళ్ళు చెప్పినట్టల్లా చేశాను."

"మెకానిక్‌ని చంపింది నువ్వేనా?"

"కాదు. నీ మీదొట్టు."

అంతలో పంపు ఆగిపోయింది. ఔలిస్ కంట్రోల్ బాక్స్ ఊడదీశాడు. లోపల వైర్లు తెంపేశారు. పచ్చ బటన్ నొక్కి పట్టుకుంటే తిరుగుతోంది, వదిలితే ఆగిపోతోంది.

"అదొక్కటీ చాలదు. అటక మీద వాల్వు కూడా కట్టేశారు," అంది ఇర్మెలి. "అక్కడ ఒకడు పిస్టల్ పట్టుకుని కాపలా ఉన్నాడు. నేనైతే దగ్గరికి రానిస్తాడు. పన్నెండు నిమిషాలు దాటితే పైపులు పగులుతాయి."

"వద్దు. నిన్ను చంపేస్తాడు. కర్నల్ మనుషులొస్తున్నారు."

"వాళ్ళకి ఇరవై నిమిషాలు పడుతుంది. నువ్వు మాత్రం బటన్ వదలకు, ఏం వినబడ్డా సరే." అతని చెంప తాకి, మెట్లెక్కింది.

పదకొండో నిమిషంలో పైపు గుడగుడలాడింది. వేడినీళ్ళు పైకి పారాయి. ఔలిస్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ వెంటనే పైన పిస్టల్ రెండుసార్లు పేలింది.

"ఇర్మెలీ!"

పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. కానీ పైన నలభై ఒక్క మంది రోగులున్నారు. ఏడుస్తూనే నొక్కి పట్టుకున్నాడు, కర్నల్ మనుషులొచ్చి ఆ బటన్ అందుకునేదాకా.

అతను అటకెక్కేసరికి కర్నల్ మనుషులు హంతకుణ్ణి కట్టేసి ఉంచారు. ఇర్మెలి పైపుకి ఆనుకుని కూర్చుని ఉంది. తెల్ల గౌనంతా రక్తం.

"వెచ్చగా ఉందిరా," అంది, పైపు మీద అరచెయ్యి పెట్టి. మరి మాట్లాడలేదు.

చెవిలో కర్నల్ గొంతు ఉత్సాహంగా మోగింది. "శభాష్! ఇంజనీరు క్షేమం. రిపోర్టులో రాయాలి, నష్టం ఏమైనా ఉందా?"

ఔలిస్ ఆమె కళ్ళు మూశాడు.

"పైపు ఒక్కటి కూడా పగల్లేదు సార్."