రెండో ఉద్యోగి

హోటల్ లిఫ్ట్ ఏడో అంతస్తులో ఆగి తలుపులు తెరుచుకునేసరికి, లోపలున్న పెద్దమనిషి ప్రాణం దారిలోనే ఎక్కడో దిగిపోయింది. ఒంటి మీద గాయం లేదు. మెడ వెనక సూది గుచ్చినంత ఎర్రచుక్క. పర్సు, వాచీ, మూడు దేశాల పాస్‌పోర్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కోటు లోపలి జేబులో ఒక లాండ్రీ టోకెన్ దొరికింది.

గంట తిరక్కముందే ఆ టోకెన్ బాసు టేబుల్ మీద ఉంది. టేబుల్‌కి ఇటు ఏజెంట్ పిచ్చుక ఉన్నాడు. ఆరడుగుల మనిషికి పిచ్చుక అని కోడ్‌నేమ్ పెట్టిన ఘనత మన డిపార్ట్‌మెంట్‌ది.

"పోయినవాడు తుమ్మెద ముఠా మనిషి. మనవైపు తిరిగిపోదామని వస్తున్నాడు. నోరు విప్పకముందే ఖతం," అన్నాడు బాసు.

"ఈ లాండ్రీ?"

"సిటీ పవర్ కంట్రోల్ రూమ్ యూనిఫారాలు అక్కడే ఉతుకుతారు. ప్రతి కాలర్‌లో ఒక చిప్. గేటు దగ్గర కాలర్ ఆనిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్క యూనిఫారం చేతిలో పడితే చాలు, తుమ్మెద లోపలికెళ్ళి కరెంటు తీసేస్తుంది. మళ్ళీ రాకుండా తీసేస్తుంది. ఆసుపత్రులతో సహా."

"ఎప్పుడు?"

"రెండు నెలల్లో ఎనిమిది దేశాల కాన్ఫరెన్స్ ఉంది. ఆరోజే."

"ఓనర్?"

"విదేశీ మనిషి. బిజినెస్ ఎంట్రప్రెన్యూర్ వీసా మీద వచ్చి ఇరవై రెండు నెలలైంది. అందగత్తె."

"అది కూడా ఫైల్లో రాశారా?"

"రాయలేదు. ఫొటో ఉంది."

అదృష్టమో దురదృష్టమో, లాండ్రీలో ఒక పనివాడు మానేశాడు. కొత్తవాడు కావాలని తలుపుకి కాగితం అంటించారు. మర్నాడు పొద్దున్నే పిచ్చుక మాసిన చొక్కా వేసుకుని, రెండు రోజుల గడ్డంతో వెళ్ళి నిలబడ్డాడు. చొక్కా రెండో గుండీలో కెమెరా. ఆ వారంలోనే ముందు గుమ్మానికీ, వెనక గుమ్మానికీ చెక్క వెనక స్కానర్ బిగించాడు. చిప్ ఉన్న యూనిఫారం ఏదైనా వేళకాని వేళ గడప దాటితే అతని బెల్టు వణుకుతుంది. ఇక బెల్టు బకిల్‌లో ఆపద బటన్ ఒకటుంది. నొక్కితే ఇరవై నిమిషాల్లో టీమ్ దిగుతుంది.

ఓనర్ మేడమ్‌ని చూశాక బాసు అనుమానంలో తప్పేం లేదనిపించింది. అంత ఆవిర్లలో, అంత ఉక్కలో, లిప్‌స్టిక్ చెదరదు. హీల్స్ వేసుకుని తడి నేల మీద టకటకా నడుస్తుంది, జారదు. ఇలాంటి మనిషి దుప్పట్లు ఉతుక్కుంటూ ఇక్కడ ఎందుకుందో అడక్కుండానే చెప్పింది.

వీసా రూలు ప్రకారం రెండేళ్ళు షాపు నడపాలట. ఓనర్ రోజూ షాపులో నిలబడి పని చేయాలట. ఈ ఊరివాళ్ళలో ఇద్దరికి పూర్తి ఉద్యోగాలు ఇచ్చి ఉండాలట. గడువు అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరే అంటే పర్మినెంట్ కార్డు. కార్డొస్తే కూతుర్ని తెచ్చుకోవచ్చు. పిల్లకి ఏడేళ్ళు, వాళ్ళ పెద్దమ్మ దగ్గరుంది. అక్కడ ఆడపిల్లల బడి మూతబడి మూడేళ్ళయింది, మళ్ళీ తెరిచేలా లేరు.

"మొదటి ఉద్యోగి మన బాబాయ్. రెండోది నువ్వు," అంది మేడమ్. "మీ ఇద్దరూ నా రెండు కాళ్ళు. మధ్యలో మానేశావంటే కుంటిదాన్నైపోతాను."

బాబాయ్ అంటే ఇస్త్రీ పనాయన. అరవై దాటాడు, మాట తక్కువ. పిచ్చుక మడిచిన చొక్కాలన్నీ చప్పుడు చేయకుండా విప్పి మళ్ళీ మడిచేవాడు.

ప్రతి మంగళవారం కన్సల్టెంట్ వచ్చేవాడు. మేడమ్ వీసా ఫైలు తయారుచేసింది అతనే. నవ్వుమొహం, సిల్కు టై, జేబులో లావుపాటి పెన్ను. లోపలి గదిలో కూర్చుని "మరక పోయిందా?" అని అడిగేవాడు. "ఇంకా నానాలి," అనేది మేడమ్. తలుపు చాటునుంచి ఆ ముక్క మూడోసారి విన్నాక పిచ్చుకకి విషయం అర్థమైపోయింది. మేడమ్ తుమ్మెద మనిషే. రిపోర్టులో ఆ మాట రాయడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. పదకొండేళ్ళ సర్వీసులో ఏ రిపోర్టుకీ అంత బద్ధకించలేదు. ఎందుకో తనకి తెలుసు, ఒప్పుకోలేదంతే.

రాసిన మర్నాడే మధ్యాహ్నం, బాబాయ్ భోజనానికి వెళ్ళినప్పుడు, మేడమ్ మెషీన్లన్నీ ఆన్ చేసింది. ఆ రొదలో దగ్గరకొచ్చి నిలబడింది.

"నువ్వు పనివాడివి కాదు."

పిచ్చుక తెల్లమొహం వేశాడు.

"పనివాడన్నాక ఓనర్ని వెనకాల తిట్టుకుంటాడు. బాబాయ్ కూడా తిట్టుకుంటాడు, నాకు వినబడేలాగే. నెలన్నరైంది, నువ్వు ఒక్కసారీ తిట్టుకోలేదు. ఎవరు పంపారు నిన్ను?"

ట్రైనింగ్‌లో ఇరవై రకాల అబద్ధాలు నేర్పారు. వాటిలో ఒకటి ఎంచుకునేలోగా ఆమే చెప్పుకొచ్చింది. తనకి తెలీకుండా కన్సల్టెంట్ ఫైల్లో ఒక దొంగ సర్టిఫికెట్ పెట్టాడట. ఇప్పుడు ఒక యూనిఫారం ఇవ్వు, లేకపోతే ఆ సంగతి నేనే చెబుతానని పీక మీద కూర్చున్నాడట. ఇవాళిస్తాను, రేపిస్తాను అని నానుస్తూ వస్తోందట. పేరు రాయకుండా పోలీసులకి రెండు ఉత్తరాలు వేసిందట. ఎవరూ రాలేదు.

"చివరికి నువ్వొచ్చావు," అంది. "చొక్కా మడవడం రాదు గానీ, వచ్చావు."

బాసు ఎగిరి గంతేశాడు. ఆమెని డబుల్ ఏజెంట్‌గా వాడేద్దాం, తుమ్మెద ఏం చెప్పినా మనకి తెలుస్తుంది అన్నాడు. మేడమ్ ఒప్పుకుంది. ఒక్కటే అడిగింది. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా అతను తన ఉద్యోగిగానే ఉండాలి. ఉంటానని పిచ్చుక మాటిచ్చాడు.

ఆ సాయంత్రమే అనుమానం వచ్చి వీసా రూల్సు పుస్తకం తిరగేశాడు. పదిహేడో పేజీలో ఆగిపోయాడు. ప్రభుత్వంలో పూర్తి ఉద్యోగం చేస్తున్న మనిషి ఈ లెక్కలోకి రాడు. అంటే అతను గుమ్మం తొక్కిన రోజు నుంచీ ఆమెకి ఉన్నది ఒక్క ఉద్యోగే. బాసుకి చెబితే తేలిగ్గా కొట్టిపారేశాడు.

"నువ్వెవరో బయటపడితే కదా? నోరు మూసుకున్నంతసేపూ నువ్వు లాండ్రీ పనివాడివే."

మేడమ్‌కి చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె సబ్బుపొడి డబ్బా అతని చేతిలో పెట్టి, "అయితే ఇకనుంచైనా సరిగ్గా ఉతుకు," అంది.

ఆ మిగిలిన రెండు వారాలూ పిచ్చుక నిజంగానే ఉతికాడు. చేతులు నానిపోయేలా ఉతికాడు. ఇంటికెళ్ళినా ఒంటికి సబ్బు వాసనే, ఆ వాసనంటే ఇష్టం పుట్టుకొచ్చింది. గుమ్మంలో హీల్స్ చప్పుడు వినబడితే నడుం నిటారుగా అయిపోయేది. ప్రేమ అనే మాట అతను మనసులో కూడా అనుకోలేదు. అనుకున్నా అనుకోకపోయినా అది అదే.

ఇన్‌స్పెక్షన్‌కి డేట్ వచ్చింది. సరిగ్గా కాన్ఫరెన్స్ రోజే, పొద్దున పది గంటలకి. యూనిఫారం ఆరోజు మధ్యాహ్నం ఇస్తానని మేడమ్ కన్సల్టెంట్‌తో నమ్మబలికింది. మధ్యాహ్నానికి షాపు చుట్టూ టీమ్ ఉండేలా బాసు ఏర్పాటు చేశాడు. అంతా పకడ్బందీగా ఉంది.

పొద్దున్నుంచీ ఒకటే వాన. గొడుగు దులుపుకుంటూ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. కళ్ళజోడు, చేతిలో ఫారం, తొందరపడని మనిషి. ఓనర్ తరఫున మాట్లాడే హోదాలో కన్సల్టెంట్ కూడా వచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ మెషీన్లన్నీ తాకి చూసింది. ఉన్ని కోటు ఎంత వేడిలో ఉతుకుతారని మేడమ్‌ని అడిగి, జవాబుకి తల ఊపింది. బాబాయ్ చేత సంతకం పెట్టించుకుంది.

"రెండో ఉద్యోగి ఎవరు?"

పిచ్చుక ముందుకొచ్చి పెన్ను అందుకున్నాడు. ఒక్క సంతకం. తర్వాత కార్డు, టికెట్టు, బడి. అతని చెయ్యి కాగితం మీద ఆనబోతుండగా మేడమ్ గొంతు వినబడింది.

"ఒక్క నిమిషం."

ఆమె వెనక గదివైపు చూస్తోంది. ఆరని బట్టల దండెం మీద ఒక హేంగర్ ఖాళీగా ఊగుతోంది.

"రెండు వందల పద్నాలుగో నంబరు యూనిఫారం లేదు," అంది. "తడిదే పట్టుకుపోయారు."

పిచ్చుక చెయ్యి బెల్టు మీదకి పోయింది. బెల్టు వణకలేదు. ఎలా వణుకుతుంది? నీళ్ళోడుతున్న గుడ్డలోంచి గుమ్మంలోని స్కానర్‌కి చిప్ కనబడదు. గేటు దగ్గరైతే కాలర్‌ని ఆనిస్తారు కాబట్టి తడిసినా పలుకుతుంది. బయట వాన, తడిసిన యూనిఫారం చూసి అనుమానించేవాడు ఉండడు. తుమ్మెద మేడమ్‌ని నమ్మనేలేదు. అందరూ ముందు గదిలో ఉండగా వెనక నుంచి పని కానిచ్చేసింది.

గడియారంలో పది దాటి పదకొండు నిమిషాలు. పదింపావుకి కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు మారుతుంది. టీమ్ రావడానికి ఇరవై నిమిషాలు. ఉన్నవి నాలుగు. తన ఫోన్ వేషం కోసం ఇంట్లోనే వదిలొస్తాడు. ఇక మిగిలింది ఇన్‌స్పెక్టర్ మోచేతి పక్కనున్న షాపు ఫోనొక్కటే. లాండ్రీ పనివాడు ఫోన్ చేస్తే గేటు మూయరు. పేరు, హోదా, ఐడీ నంబరు అన్నీ పైకి చెప్పాలి.

పిచ్చుక కదల్లేదు. జీవితంలో మొదటిసారి డ్యూటీకి అతని కాళ్ళే అడ్డం పడ్డాయి.

"అబ్బాయ్, ఫోన్ తీసుకో," అంది మేడమ్.

"మేడమ్, సంతకం..."

"నా ఒక్క పిల్ల కోసం ఊరంతా చీకటి చేసుకుంటామా? తీసుకో."

తీసుకున్నాడు. గేటు గార్డుకి పేరు చెప్పాడు, హోదా చెప్పాడు, తొమ్మిదంకెల ఐడీ చెప్పాడు. అవతలివాడు సరిగ్గా వినబళ్ళేదని మళ్ళీ చెప్పమన్నాడు. ఒక్కొక్క అంకే విడివిడిగా మళ్ళీ చెప్పాడు. "రెండు వందల పద్నాలుగు. బ్లాక్ చేయండి. ఇప్పుడే."

కన్సల్టెంట్ లేచాడు. చేతిలో ఆ లావుపాటి పెన్ను, దాని కొసన పాళీ లేదు, సూది ఉంది. వెనక తలుపువైపు ఒక్క దూకు దూకాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తొందరపడని బాబాయ్, తడి దుప్పట్ల ట్రాలీని కాలితో ఒక్క తోపు తోశాడు. పెద్దమనిషి తలకిందులుగా దుప్పట్లలో పడ్డాడు. బాబాయ్ పైన ఇంకో నాలుగు వేసి, వాటి మీద కూర్చున్నాడు.

ఫోన్‌లో గార్డు గొంతు వచ్చింది. "ఎర్రలైటు పడింది సార్. కాలర్ ఆనిస్తుండగా పట్టుకున్నాం."

ఊళ్ళో ఒక్క బల్బు కూడా రెప్ప వేయలేదు. ఏం తప్పిందో ఎవరికీ తెలీదు.

ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "మీరు ప్రభుత్వ ఉద్యోగా?" అని అడిగింది.

అబద్ధమే అన్నం పెట్టిన మనిషి. ఈ ఒక్కసారి అబద్ధం ఆడనిస్తే చాలనుకున్నాడు. కానీ తొమ్మిదంకెలు రెండుసార్లు చదివాక ఆడటానికేముంది? అవునన్నాడు. ఆమె ఫారంలో ఉద్యోగుల సంఖ్య ఒకటి అని వేసింది.

"ఇంత శుభ్రమైన షాపు నేనింతవరకూ చూళ్ళేదమ్మా," అంది మేడమ్‌తో. "మీరు ఇప్పుడు చేసిన పనికి మీ చేతులు పట్టుకోవాలనుంది. ఈ ఫారంలో దానికి గడి లేదు."

పిచ్చుక ఆ మధ్యాహ్నమే బాసు గదిలోకి దూసుకెళ్ళాడు. ఒక్క ఉత్తరం రాసివ్వమన్నాడు. బాసు తల అడ్డంగా ఊపాడు. ఆపరేషన్ రహస్యం. రికార్డుల ప్రకారం అసలు జరగనే లేదు. జరగనిదానికి సాక్ష్యం ఎలా ఇస్తామన్నాడు. అయితే రెండు నెలల కిందటి తేదీతో నా రాజీనామా తీసుకోండన్నాడు పిచ్చుక. అరిచాడు కూడా. బాసు అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. నీళ్ళు తప్ప ఇంకేం ఇవ్వలేకపోయాడు.

ముప్పై రోజుల్లో దేశం వదలాలని నోటీసు వచ్చింది. మేడమ్ మెషీన్లు బాబాయ్‌కి అప్పగించింది. చివరి రోజు పిచ్చుక వెళ్ళేసరికి ఫోన్‌లో కూతురితో మాట్లాడుతోంది. నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు తల్లీ, నేనే అక్కడికి వచ్చేస్తున్నానని చెబుతోంది. అవతల పిల్ల సంతోషం పట్టలేక గెంతుతున్న చప్పుడు ఇతని దాకా వినబడింది. బడి గురించి ఆ పిల్లకి బెంగ లేదు, అమ్మ వస్తే చాలు. మేడమ్ నవ్వుతూ మాట్లాడుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. పిచ్చుక అది చూసి బయటికొచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గుండెని ఎవరో బట్ట పిండినట్టు పిండేశారు.

క్షమించమని అడుగుదామని మళ్ళీ లోపలికి వెళ్ళాడు గానీ, ఆమె అడగనివ్వలేదు. నీ తప్పేం లేదు, ఫోన్ తీసుకోమన్నది నేనే కదా అంది. బాబాయ్‌ని బాగా చూసుకోమంది. పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. వెళ్ళొస్తానని అనలేదు.

"వెళ్తాను," అంది.

మర్నాడు పిచ్చుక డిపార్ట్‌మెంట్‌లో వారం రోజుల సెలవుకి దరఖాస్తు పెట్టాడు. కారణం అన్న చోట 'ఉద్యోగం పోయింది' అని రాశాడు. బాసు ఒకటికి రెండుసార్లు చదివి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు.