రెండుసార్లు కడిగిన డ్రాపర్

"బావా, రియాక్టర్ మీద కన్నేసి ఉంచు!" అన్నాడు చీఫ్ గరగరలాడే ఫోన్లో. ఆఫీసులో చీఫే గానీ, ఇంట్లో స్వయానా బావమరిది.

గరాటుకు మాత్రం "డైరెక్టర్ మీద" అని వినబడింది.

గరాటు మన ఏజెంటు కోడ్ నేమ్. పదేళ్ళు యూనివర్సిటీ ల్యాబుల్లో రసాయనాలతో కాపురం చేశాడు. డాక్టరేట్ వచ్చింది గానీ మార్కెట్లో రేటు రాలేదు. చివరికి పరాయి దేశంలో ఓ మందుల ఫ్యాక్టరీ కెమిస్టుగా తీసుకుంది. "ఎలాగూ పోతున్నావుగా!" అంటూ బావమరిది గూఢచర్యం కూడా నెత్తిన రుద్దాడు.

అక్కడ రియాక్టర్ అనే పెద్ద మూత పాత్రలో పసిపిల్లల గుండెజబ్బుకి కొత్త మందు, మొదటి బ్యాచ్ తయారవుతోంది. శత్రుదేశపు ముఠా ఒకటి దాన్ని చెడగొట్టబోతోంది. బ్యాచ్ పోతే ఫ్యాక్టరీ మూత. ఫ్యాక్టరీకి మూత పడితే, పదేళ్ళకి దొరికిన గరాటు ఉద్యోగం గోవిందా! దొరికిన క్లూ ఒక్కటే: ముఠా మనిషి ఒకప్పటి యూనివర్సిటీ రీసెర్చర్.

ఫ్యాక్టరీ డైరెక్టర్ గది గోడమీద డాక్టరేట్ పటం వేలాడుతోంది. ఇంకేం? క్యాంటీన్, లిఫ్టు, సెలూన్, ఎక్కడికెళ్ళినా వెనకే గరాటు. గుండీలో దాచిన కెమెరాకి ఆయన బట్టతల తప్ప ఏమీ చిక్కలేదు. గరాటుకి కాలు నిలవడం లేదు. యూనివర్సిటీలో ఫ్లాస్కు తిరుగుతుంటే తనూ హాయిగా ల్యాబంతా తిరిగేవాడు. ఇక్కడ తలుపు తలుపుకీ బ్యాడ్జి చూపించాలి. తలపుకే తీరిక లేదు.

ఉన్న ఒక్క ఊరట సంపెంగ. క్వాలిటీ ఇన్‌ఛార్జి, చీఫ్ నమ్మిన ఏజెంటు, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె.

"గాజు పగిలిందా?" అంది మొదటిరోజే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి.

"పగలనిది గాజెలా అవుతుందండీ?"

కోడ్ కుదిరింది. గరాటు గుండె మాత్రం కుదురుగా లేదు.

మర్నాడు సింకు దగ్గర అతను డ్రాపర్ కడుగుతుంటే ఆమె పకపకా నవ్వింది.

"అయ్యో, ఇక్కడ వాడి పారేస్తారండీ! చదువవగానే ఫ్యాక్టరీలో పడ్డాను నేను. మీ రీసెర్చి పిసినారితనం నాకు తెలీదు బాబూ."

గరాటు ఎర్రబడ్డ చెవులతోనే దాన్ని జేబులో దాచేశాడు. గ్రాంటు రాని ల్యాబులో డ్రాపరంటే కన్నబిడ్డే మరి!

బ్యాచ్ ఆఖరి దశ. డైరెక్టర్ గదిలో కునుకు తీస్తున్నాడు. అటుగా వెళ్తూ గరాటు సింకు వైపు చూశాడు. సంపెంగ ఒక్కతే ఉంది, చేతిలో వాడేసిన డ్రాపర్. అసిటోన్‌తో కడిగింది. మళ్ళీ కడిగింది. విదిలించి, వెలుతురుకి పట్టి చూసి, మొన పైకి ఉండేలా కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. చెత్తబుట్ట ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.

ఫ్యాక్టరీలో పెరిగిన చెయ్యి కాదది, యూనివర్సిటీ ల్యాబులో పెరిగినది! నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడదు.

గరాటు రియాక్టర్ దగ్గరికి పరుగెత్తాడు. రియాక్టర్ మూత అప్పటికే తెరిచి ఉంది. సంపెంగ చేతిలో, నల్లటి ద్రవం నింపిన డ్రాపర్ మొన దగ్గర బొట్టు ఊరుతోంది. రాలబోతుండగా గ్లవ్ తొడిగిన అరచెయ్యి అడ్డం పెట్టాడు. గ్లవ్ పొగలు కక్కింది. లాగి పారేసి అలారం నొక్కాడు.

"ఎలా కనిపెట్టావ్?" అంది సంపెంగ, గార్డులు చేతులు పట్టుకుంటుంటే.

"రెండుసార్లు కడిగారుగా. మీ రీసెర్చి గైడూ పిసినారేనా?"

"మూడుసార్లు కడగమనేవాడు, మహానుభావుడు!"

అందరినీ పోగుచేశాడు డైరెక్టర్. "అంతా బాగుందయ్యా. నన్నెందుకు వెంటాడావు? సెలూన్లో కూడా పక్క కుర్చీలో నువ్వే!"

"నేను రియాక్టర్ అన్నాను బావా!" స్పీకర్ ఫోన్లో మొత్తుకున్నాడు చీఫ్.

"నాకు డైరెక్టర్ అని వినబడింది. ఆ గరగరలో..."

హాలంతా ఘొల్లుమంది. డైరెక్టర్ కూడా బట్టతల తడుముకుంటూ నవ్వేశాడు.

"సరే, నీ ఉద్యోగం పర్మనెంటు. ఒక్క షరతు. నీ జేబులో డ్రాపర్ ఆ బుట్టలో పడెయ్."

పొగలు కక్కే బొట్టుకి చెయ్యడ్డం పెట్టిన వీరుడు బుట్ట ముందు మాత్రం తటపటాయించాడు.

"ఇంకొక్కసారి కడిగి పారేస్తాను సార్!"