నల్ల తెర, పసుపు బాణం

"ఊళ్లో చెత్తంతా తెచ్చి నా స్క్రీన్ మధ్యలో పోస్తన్నదెవులో సూసి, దండేసి పోదామని వచ్చినాను."

వానలో తడిసి షాపులోకి వస్తూనే ఉమాశంకర్ అన్న మొదటి మాట ఇది. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి తల తిప్పలేదు.

"దండ కాస్త పెద్దది తే. నీ ఐకాన్ల సైజులో ఉంటే నాకు కనబడదు," అంది.

బెంగాలీలూ తెలుగువాళ్లూ కలిసి బతికే ఆ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలో ఎరిక్ అంకుల్‌ది చిన్న ప్రింటింగ్ షాపు. పెళ్లికార్డులు, రిటైర్మెంట్ ఫంక్షన్ల కార్డులు, పెద్దకర్మ కార్డులు అన్నీ అక్కడే. తెలుగు కావాలంటే తెలుగు, బెంగాలీ కావాలంటే బెంగాలీ. ఉన్నది మాత్రం ఒక్కటే కంప్యూటర్. పగలు మీనాకుమారి దాని మీద టైపింగ్ చేసేది, సాయంత్రం ఉమాశంకర్ డిజైన్లు వేసేవాడు. ఆమె వెళ్లాకే అతను వచ్చేవాడు కాబట్టి పనిలో చేరి నెల దాటినా ఇద్దరూ ఎదురుపడలేదు. ఎదురుపడకపోతే పోట్లాట రాదని ఎవరన్నారు?

ఉమాశంకర్‌కి డెస్క్‌టాప్ అంటే పిచ్చి. కొందరు కుర్రాళ్లు బైక్ తుడుచుకున్నట్టు అతను స్క్రీన్‌ని ముస్తాబు చేసేవాడు. వెనకాల లేత బూడిదరంగు మబ్బుల ఫోటో. మూలన చినుకులు జారే గడియారం. అంచుల వెంబడి కుదురుగా సర్దిన బుల్లి ఐకాన్లు. సన్నటి తెల్ల బాణం. మర్నాడు వచ్చేసరికి అదంతా మాయం. నల్లటి తెర, దాని మీద పసుపు అక్షరాలు, మధ్యలో ఐకాన్ల కుప్ప, వేలెడంత లావు పసుపు బాణం! అతను మళ్లీ మార్చేవాడు. ఆమె మళ్లీ మార్చేది.

"లోకో షెడ్ బోర్డులాగున్నాది. ఏటి నీ టేస్టు?" అన్నాడు ఉమాశంకర్.

"నీదేటి మరి? జొరమొచ్చినోడి మొహంలాగ, ఒక్క రంగూ తిన్నగా లేదు."

అతనికి నవ్వొచ్చింది. ఆమె లేచింది. లేస్తూ, అతను అప్పుడే బల్ల మీద పెట్టిన టీ గ్లాసును మోచేత్తో తోసేసింది.

"కోపమైతే నన్ను తిట్టు. టీ ఏటి సేసింది?"

మీనాకుమారి మొహం పాలిపోయింది. "సూడనేదు," అని సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఇంత చిన్నదానికి అంత బెదురెందుకో అతనికి అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి ఉమాశంకర్ ముందుగానే రావడం మొదలుపెట్టాడు. కోచింగ్ క్లాసు అవగానే, తిండి కూడా తినకుండా వచ్చేవాడు. రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరు పోస్టుకి రాత పరీక్ష పాసై, డ్రైవరుకి కావలసిన చూపుందని కళ్ల డాక్టరు దగ్గర ఏ-వన్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుని, తర్వాతి పరీక్ష కోసం చదువుతున్నాడు. చదువు సంగతి దేవుడెరుగు, మనసంతా షాపులోనే ఉండేది.

"ఓ టీ తాగెల్లు మీనా."

"సీకటడిపోద్ది."

"పడితే ఏటి? నాను దింపుతాను గదా!"

"అక్కర్లేదు."

రోజూ ఇదే వరస. వెలుగున్నంతసేపూ మాటకి మాట అప్పచెప్పే పిల్ల, పొద్దు వాలితే చాలు పారిపోయేది. ఒకరోజు రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులో ఎదురై చెయ్యి ఊపాడు. ఆమె పక్కనుంచే వెళ్లింది, కనీసం తల కూడా తిప్పకుండా. ఉమాశంకర్‌కి మనసు చివుక్కుమంది. షాపులో ఒక మనిషి, వీధిలో ఒక మనిషి. అంత గర్వమా?

ఆ సాయంత్రం షాపు మూసేముందు అతను మబ్బుల తెర పెట్టి, బుల్లి ఐకాన్లు అంచులకి సర్ది, సెట్టింగులకి పాస్‌వర్డ్ వేసేశాడు. ఇంక ఆమె ఏదీ మార్చడానికి వీల్లేదు. తప్పకుండా ఫోన్ చేస్తుంది. పాస్‌వర్డ్ కావాలంటే టీకి రావాలని అంటాడు. ఇదీ ఆయన గారి పథకం.

మర్నాడు క్లాసులో మాత్రం రూలు ప్రకారం ఫోన్ ఆపెయ్యాల్సొచ్చింది.

మధ్యాహ్నం షాపుకి వచ్చేసరికి లోపల జనం. ఒక కుర్రాడు గుండు మీద తువ్వాలు కప్పుకుని కార్డుల కట్ట బల్ల మీద విసిరికొట్టాడు. వాళ్ల నాన్న పెద్దకర్మ కార్డుల మీద వేరే మనిషి ఫోటో పడింది. ఆ వేరే మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు, బతికే. నెలాఖరుకి రిటైరవుతున్న రైలు గార్డు, తన ఫంక్షన్ కార్డుల కోసం వచ్చాడు.

"నాకింకా సర్వీసున్నాది తల్లీ, అప్పుడే పంపేసినారేటి?" అని నవ్వబోయాడు. ఆయన భార్య మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మీనాకుమారి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"తప్పు నాదే అంకుల్. ఇంక పనికి రాను," అంది. గొడుగు కూడా తీసుకోలేదు. గోడ తడుముకుంటూ మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయింది. ఉమాశంకర్ పిలిచినా ఆగలేదు.

జనం సర్దుకున్నాక ఎరిక్ అంకుల్ కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో తెలుసా, మ్యాన్? స్క్రీన్ మారడం లేదని, ఫైలు దొరకడం లేదని. నాకేమో అవన్నీ తెలీదు."

"లాకేసింది నానే అంకుల్."

"కాయ్‌కో? ఎందుకు?"

టీ కోసం అని చెప్పడానికి ఉమాశంకర్‌కి సిగ్గేసింది.

"తప్పు చేసింది నువ్వు, పని పోయింది ఆమెకి. వెళ్లి పిలుచుకు రా," అన్నాడు ఎరిక్ అంకుల్.

ఉమాశంకర్ పాస్‌వర్డ్ తీసేశాడు. నల్ల తెర పెట్టాడు, ఐకాన్లన్నీ మధ్యకి లాగాడు. స్క్రీన్ రంగుకీ, ఒకరి బదులు ఇంకొకరి ఫోటో పడడానికీ సంబంధమేమిటో ఎంత ఆలోచించినా అందలేదు.

మర్నాడు పొద్దున్నే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాడు. సన్నగా ముసురు పడుతోంది. అరుగు మీద వెంకటరావు, మీనాకుమారి తండ్రి, రైల్వే వర్క్‌షాపు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"గడియారంలో వాన కురిపిస్తాడట, ఆ కుర్రోడివి నువ్వేనా?" అన్నాడు. "రోజూ ఇంట్లో నీ కబురే. నిన్నటికాణ్ణించీ మాత్రం నోరిప్పనేదు."

ఆ మాటకి సంతోషించే అర్హత తనకి లేదనిపించింది ఉమాశంకర్‌కి. లాకు సంగతి దాచకుండా చెప్పేశాడు. వెంకటరావు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"సరదాకి సేసినావు. దానికి కళ్లు పోతన్నాయి బాబూ."

"నాన్నా!" లోపలి నుంచి మీనాకుమారి గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్నాళ్లని దాస్తావమ్మా?" అని ఉమాశంకర్ వైపు తిరిగాడు. "ఈ ఊళ్లో కళ్ల మాట బయట పెట్టకూడదు. సూపు తగ్గినాదంటే డ్రైవర్నే ఇంజిను దింపేస్తారు. ఆడపిల్లని పనిలో ఎవులుంచుతారు? నువ్వు ఏ-వన్ కళ్లోడివి. నీ దారి నువ్వు సూసుకో." అని, టీ పెడతానని లోపలికి వెళ్లాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

మీనాకుమారి గుమ్మంలోనే కూర్చుంది.

"పక్కలు కనబడవు. గొట్టంలోంచి సూసినట్టుంటాది," అంది. "మధ్యలో ఏటున్నాదో అదే. సీకటడితే అదీ లేదు. తెర తెల్లగుంటే కళ్లు సెదిరిపోతాయి. నీ మబ్బుల్లో ఆ ఫైలు ఎంత ఎతికినానో! రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉన్నాయట, ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కేసినాను."

ఉమాశంకర్‌కి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒలికిన టీ, సందులో ఊపిన చెయ్యి, రోజూ పొద్దు వాలగానే ఆమె ఆ పరుగు. గర్వమనుకున్నాడు! తన మీద తనకే అసహ్యం వేసింది.

"పనికి రా మీనా. అంకుల్ రమ్మన్నాడు. నీ నల్లబోర్డే పెట్టినాను. ఇంక ముట్టుకోను."

"జాలా?"

"జాలైతే అంకుల్నే పంపేవోణ్ణి. నువ్వంటే నాకిష్టం. నువ్వు ఏటేటి మార్సేసినావో సూడడానికే రోజూ పరిగెట్టుకొచ్చేవోణ్ణి."

"పనికొస్తాను. అంకుల్‌కి నా కళ్ల సంగతి నానే సెప్తాను. ఉంచుతాడో తీసేస్తాడో ఆయనిష్టం," అంది మీనాకుమారి. "నీ మాటకే జవాబు లేదు. ఆ గొట్టం కూడా మూసుకుపోతాదని డాక్టరన్నాడు. ఎప్పుడో తెల్దు. ఓ రోజు నీ మొహం నాకు కనబడదు. అప్పుడేటి సేస్తావు?"

"తెల్దు," అన్నాడు. "భయంగానే ఉన్నాది."

అబద్ధం చెప్పనందుకు ఆమెకి ఏడుపొచ్చింది. అంతవరకు అందరూ ఆమెతో అన్నీ బాగైపోతాయనే చెప్పారు.

"అయితే ఈలోగా నన్ను బాగా సూసెయ్ మీనా," అంటూ అతను ముందుకి వంగాడు.

ఆమె రెండు చేతులతో తోసేసింది.

"దగ్గరికొస్తే ముక్కొక్కటే కనబడతాది. ఎనక్కెల్లు."

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకా."

అరుగు చివరికి వెళ్లాడు.

"ఇంకా."

"వాన పడతంది మీనా."

"తెలుసు. ఇంకా ఎల్లు."

మెట్టు దిగి, సందు మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది, చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"ఆగు. కదలకు." మీనాకుమారి గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. "ఇప్పుడు మొత్తం కనబడినావు."

వెంకటరావు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి అరుగు మీద ఆగిపోయాడు.

"అదేటే, కుర్రోణ్ణి వానలో నిలబెట్టినావు?"

"సూస్తన్నాను నాన్నా," అంది.