కుడి చెయ్యి ఎత్తిన పిల్లలు

మా స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతుంటే ఒకరి మాట ఒకరికి వినిపించదు. అది ఆగితే ఉక్కపోత. ఆ రోజు సాయంత్రం అది ఆగి ఉంది కాబట్టి హెడ్మాస్టరు గారు చెప్పిన మాట నాకు శుభ్రంగా వినిపించింది.

"రేపు మధ్యాహ్నం తనిఖీ అటమ్మా. మన సైన్స్ గ్రూపు చూడ్డానికే వస్తున్నారు."

"రేపా? మీకెప్పుడు తెలిసింది సార్?"

"పోయిన వారమే తెలిసింది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

ఆయన తీరే అంత. ఇల్లు తగలబడుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోగలరు. నేనలా కూర్చోలేను. మా హైస్కూల్లో పై రెండు తరగతులకీ ఉన్న ఒక్క సైన్స్ గ్రూపుకి ఫిజిక్స్ చెప్పేది నేనే, ల్యాబు చూసేదీ నేనే, అందులో బల్లలు తుడిచేదీ నేనే. పిల్లలు మరీ తక్కువగా ఉన్నారు, ప్రయోగాలు జరగడం లేదు, గ్రూపు ఎత్తేద్దామనుకుంటున్నాం అని పైవాళ్ళు ఎప్పుడో రాశారు. ప్రయోగాలు ఎలా జరుగుతాయి? సామాన్లు పంపండని ఏడాది పొడుగునా అడిగితే వాళ్ళు పంపింది చీపురు.

"చీపురు కూడా అవసరమే కదమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయనతో వాదించి లాభం లేదని లేచాను.

గ్రూపు ఎత్తేస్తే మగపిల్లలు బస్సెక్కి పట్నంలో చదువుకుంటారు. ఆడపిల్లలు ఇంట్లో కూర్చుంటారు. ఇది నా ఊహ కాదు, వాళ్ళ నాన్నలు నా మొహం మీదే చెప్పిన మాట. ముఖ్యంగా మా టైలరు. అతనికి ఒక్కగానొక్క కూతురు. పాఠం మొదలుపెడితే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తుందని పిల్లలందరూ ఆమెని గడగడ అని పిలుస్తారు. నా సర్వీసు మొత్తంలో అలాంటి బుర్రని చూడలేదు. "ఇక్కడ ఉన్నంతవరకూ చదివిస్తాను మేడం గారూ, బస్సెక్కించి మాత్రం పంపను" అని ఆ మహానుభావుడు టేపు మెడలో వేసుకుని మరీ చెప్పాడు. బతిమాలాను, కోప్పడ్డాను, అతని దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేశాను. మాట మారలేదు. కాబట్టి నాకు సైన్స్ గ్రూపు అంటే ఆ పిల్లే. గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ పిల్ల కూడా వారం నుంచి జ్వరంతో మంచం మీద ఉంది.

అంటే తనిఖీ అధికారి అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పేవాళ్ళు లేరు.

ఇలాంటప్పుడు మేం టీచర్లం ఒక ఉపాయం వాడతాం. బయట ఒప్పుకోం కానీ అందరం వాడతాం. ప్రశ్న వినగానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. చూసేవాళ్ళకి పిల్లలందరూ సరస్వతీ పుత్రుల్లా కనబడతారు. మేం మాత్రం కుడి చెయ్యి వెతికి అటు వేలు చూపిస్తాం. అలవాటైపోయాక ఇక మొహాలు చూడం. కుడి చెయ్యి కనబడితే చాలు.

బడి వదిలాక సైన్స్ పిల్లల్ని ఆపి ల్యాబుకి తీసుకెళ్ళాను. వెనక భవనంలో చివరి గది అది. పూర్వం క్లాసులు కిటకిటలాడిన రోజుల్లో కట్టారు కాబట్టి చాలా పెద్దది. మా పిల్లలు ముందు రెండు బెంచీల్లో సరిపోతారు. వెనక బెంచీలన్నీ ఖాళీ. కాంతి ప్రయోగాలకి చీకటి కావాలి కాబట్టి కిటికీలన్నిటికీ నల్ల తెరలుంటాయి. వెనక గోడకి ఉన్న తలుపు గడియ తుప్పు పట్టి, నేను ఈ స్కూల్లో చేరకముందు నుంచీ బిగుసుకుపోయి ఉంది.

తెరలు మూశాను. టార్చి వెలిగించి పట్టకం మీదకి సన్నటి వెలుగు పంపాను. గోడ మీద రంగులు పడ్డాయి. మిగతా గదంతా మసక చీకటి, చేతులు తెలుస్తాయి కానీ మొహాలు తెలియవు. సుద్దముక్కల వాసన, స్పిరిటు వాసన, చెమట పట్టిన యూనిఫాంల వాసన.

"గాజులోకి వెళ్ళినప్పుడు కాంతి ఎందుకు వంగుతుంది?" అన్నాను.

బట్టలు కదిలిన చప్పుడు. చేతులు లేచాయి. అన్నీ ఎడమ చేతులే. నా తల ప్రాణం తోకకొచ్చింది. మొన్ననే చెప్పాను ఆ పాఠం. మొన్నంటే మొన్న! నోరు తెరిచి అరవబోతూ గది వెనక వైపు చూశాను.

చివరి బెంచీలో ఒక కుడి చెయ్యి లేచి ఉంది.

"ఆఁ, నువ్వు చెప్పు" అన్నాను.

"అక్కడ దాని వేగం తగ్గుతుంది మేడం. అందుకని."

ఆడపిల్ల గొంతు. మెల్లగా, ఒక్కో మాటా తడుముకుంటూ వచ్చింది... చాలాకాలంగా మాట్లాడనివాళ్ళు మాట్లాడినట్టు. జవాబు మాత్రం సరైనదే. ఇంకో ప్రశ్న అడిగాను. మళ్ళీ ఎడమ చేతులు, మళ్ళీ ఆ కుడి చెయ్యి, మళ్ళీ సరైన జవాబు. నాకెంత సంతోషం వేసిందంటే, ఆ పిల్ల ఎవరా అన్న ఆలోచనే రాలేదు. నిజం చెబుతున్నాను, రాలేదు.

"శభాష్! వెనకెక్కడో కూర్చున్నావేం? ముందుకి రా" అంటూ టార్చి అటు తిప్పాను.

బెంచీ ఖాళీగా ఉంది.

నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. మా క్లాసులో రేడియో అని ఒకడున్నాడు, ఎవరి గొంతైనా అనుకరిస్తాడు. "ఒరేయ్ రేడియో, గ్రూపు పోతోంది మొర్రో అని నేను ఏడుస్తుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"ఒట్టు మేడం, నేను కాదు. అయినా నేను చేస్తే మీ గొంతే చేస్తాను."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు చూశాను, పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడేలా ముందుకి జరిగి కూర్చున్నారు. ఒకమ్మాయి గుసగుసగా అంది.

"మేడం, వెనకనుంచి వాసనొస్తోంది."

నిజమే. వేసవి సెలవుల తర్వాత మొదటి రోజు తాళం తీస్తే గదిలోంచి ఒక వాసన వస్తుంది చూడండి, మూసి మూసి ఉంచిన గాలి వాసన. అది. "ఎలకేదో చచ్చి ఉంటుంది, ఇళ్ళకి పదండి" అని కసిరాను. ఇంటికెళ్ళాక కూడా హెడ్మాస్టరు గారినీ, పైవాళ్ళనీ, రేడియోనీ తిట్టుకుంటూనే నిద్రపోయాను. కోపంలో ఉన్నప్పుడు మనిషికి భయం ఆలస్యంగా తెలుస్తుంది కాబోలు.

మర్నాడు తనిఖీ అధికారి ఎర్రటి ఎండలో వచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది, గ్రూపు మూసేద్దామని నిర్ణయించుకునే బయల్దేరాడని. హెడ్మాస్టరు గారు ఆయన్ని నాకు అప్పగించి, టీ సంగతి చూస్తానని వరండాలోనే ఉండిపోయారు. ఆ టీ ఏదో ప్రపంచంలో ఇంకెవరికీ పెట్టడం రానట్టు!

"కాంతి ప్రయోగం చూపించండి" అన్నాడాయన.

తెరలు మూశాను. టార్చి వెలిగించాను. రేడియోని కావాలనే నా పక్కన నిలబెట్టుకుని, పట్టకం పట్టుకోమన్నాను. వాడి నోరు నా కళ్ళముందే ఉంది.

అధికారి మొదటి ప్రశ్న అడిగాడు. నీళ్ళలో పెట్టిన కర్ర విరిగినట్టు ఎందుకు కనబడుతుందని. చేతులు లేచాయి. ఎడమ చేతులు. అన్నీ.

వెనక... ఒక కుడి చెయ్యి.

రేడియో నోరు మూసుకునే ఉన్నాడు. వాడి చేతిలో పట్టకం వణుకుతోంది, గోడ మీద రంగులు వణుకుతున్నాయి. వాడు చూస్తున్నది కూడా అటే.

అధికారి నావైపు తిరిగాడు. "ఎవరినైనా చెప్పమనండి మేడం. చేతులైతే బాగానే ఎత్తారు."

ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళని లేపితే అయిపోయింది. గ్రూపు పోతుంది. గడగడ ఇక తండ్రి మిషన్ పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది, బతుకంతా. తెలిసే చేశాను. ఆ చీకట్లోకి వేలు చూపించాను.

జవాబు వచ్చింది. నిన్నటికన్నా గొంతు కాస్త తేరుకుంది. ఆయన తలూపి ఇంకో ప్రశ్న అడిగాడు. ఈసారి వెనక బెంచీలో రెండు కుడి చేతులు. ఆ తర్వాత దాని ముందు బెంచీలో కూడా... ఆ తర్వాత దాని ముందు... నేను వేలు చూపిస్తున్నాను. ఆగలేకపోతున్నాను. జవాబులు వస్తున్నాయి. ఒక్కటీ తప్పు లేదు. ఆ వాసన నా గొంతులో దిగిపోయింది. ముందు బెంచీల్లో నా పిల్లలు, బతికున్న నా పిల్లలు, ఎత్తిన ఎడమ చేతులు దించడం కూడా మరిచిపోయి బిగుసుకుని ఉన్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"ఇదేంటి మేడం, పిల్లల్లేరని మాకు చెప్పారే!" అన్నాడు అధికారి. ఆయన గొంతే మారిపోయింది. "బెంచీలు నిండా ఉన్నారు. ఇంత చక్కగా చెబుతున్నారు. ఈ గ్రూపు ఎత్తెయ్యడం ఏమిటి, నేను చూస్తాను కదా."

గెలిచాను. ఇక ఈయన్ని బయటికి తీసుకెళ్ళి, ఈ గదికి తాళం వేసి, ఆ తాళంచెవి ఎక్కడైనా పారేస్తే చాలనుకున్నాను. కానీ మెచ్చుకున్న పెద్దమనిషి ఊరుకోడు కదా.

"నేనే అడుగుతున్నాను, మీరూ నన్నేమైనా అడగండర్రా" అన్నాడు.

"వద్దు సార్, టీ చల్లారిపోతుంది" అన్నాను గబుక్కున.

అప్పటికే వెనకనుంచి ఆ మొదటి గొంతు వచ్చింది.

"సార్... మమ్మల్ని ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?"

ఆయన పకపకా నవ్వాడు. "ఓ, అదా! ఇంత బాగా చదివే పిల్లలకి ఆ మాత్రం ఇవ్వొద్దూ? ఇప్పుడే పంపించేస్తున్నా. నా మాటగా చెప్పండి మేడం, ఇవాళ్టికి సెలవు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోండి!"

"సార్, అందరినీ వద్దు..." అంటున్నాను నేను. నా మాట ఎవరికీ వినపడలేదు. బెంచీలు కిర్రుమన్నాయి, చెప్పుల చప్పుడు గది నిండిపోయింది. ముందు తలుపులోంచి అధికారి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు, ఆయన వెనకే నా పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు. వాళ్ళందరూ వెళ్ళిపోయాక కూడా అడుగుల చప్పుడు ఆగలేదు. నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను. చల్లగా ఏదో ఒకదాని వెనక ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. చాలాసేపు.

చప్పుడు ఆగాక తెరలు లాగాను. ఎండ భళ్ళున లోపలికి వచ్చింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. "పని అయింది కదమ్మా, ఇంకా ఎందుకు చిరాకు? పాత గడియ, ఊడిపోయి ఉంటుంది" అన్నారు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ. ఆ కప్పు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టినా ఆయన చీపురు తెచ్చేవారు.

పొద్దుగూకే వేళకి ఇంట్లో ఫోను మోగింది. రేడియో వాళ్ళమ్మ.

"మేడం గారూ, మావాడితో పాటు మీ క్లాసు పిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. ఇల్లెక్కడంటే చెప్పదు. మావాడేమో గదిలోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు. చీకటి పడుతోంది, వాళ్ళ వాళ్ళు కంగారు పడరూ? కాస్త చూడండి."

ఆమెకేం చెప్పానో గుర్తు లేదు. పెట్టెయ్యగానే ఇంకో ఫోను, ఇంకో తల్లి. ఆ ఇంట్లో ఇద్దరు కూర్చున్నారట. లైటు వెయ్యబోతే వద్దంటున్నారట. తర్వాత ఇంకోటి. ఎవరికీ భయం లేదు, అదే నన్ను చంపేస్తోంది. అందరూ మర్యాదగా, విసుగ్గా మాట్లాడుతున్నారు, పొరుగింటి పిల్లలు పొద్దుపోయినా కదలకపోతే మాట్లాడినట్టు. పంపించెయ్యండని అరిచాను. ఆడపిల్లల్ని ఈ వేళప్పుడు ఎలా పంపిస్తామండీ, మీరు టీచరై ఉండి అలా అంటారేంటని నన్నే తిరిగి కోప్పడ్డారు.

చివరికి టైలరు ఫోను చేశాడు. ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

"మేడం గారూ, గ్రూపు ఉంటుందటగా! చాలా సంతోషం. ఇంకో మంచి మాట కూడా. మధ్యాహ్నం మీ క్లాసు అమ్మాయి చూడ్డానికొచ్చింది. వచ్చి మంచం మీద కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసిందో లేదో, జ్వరం ఠక్కున దిగిపోయింది. ఒళ్ళు చల్లగా అయిపోయింది. అప్పట్నుంచి ఒకటే నిద్ర."

"లేపండి" అన్నాను. "ఇప్పుడే లేపండి."

"లేపి చూశానండీ, కదల్లేదు. పడుకోనివ్వండి నాన్నా అంది."

"ఎవరూ?"

"ఎవరేంటి మేడం, మా అమ్మాయే!"

ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఒక్కసారి మీ అమ్మాయికి ఫోనివ్వండి."

అవతల కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. అతను లోపలి గదిలోకి వెళ్ళిన అడుగులు వినిపించాయి. అవి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాయి. అతని గొంతులో ఇందాకటి హుషారు లేదు, దారి మర్చిపోయిన మనిషిలా మెల్లగా అడిగాడు.

"ఏ అమ్మాయికి మేడం గారూ?"