ఆలస్యానికి కారణం

"దొరకలేదంటే ఏందీ మేడం? ఇరవై రెండేండ్ల రిజిస్టర్లు. అవేమన్నా సూదులా?"

నంద్యాలలో సర్కారు హాస్టళ్ల ఆఫీసు కిటికీ ముందు సాల్మన్ రాజు అన్న మొదటి మాట ఇది. కిటికీ అవతలి షాలిని దొరకలేదన్న ఆ జవాబు రాయలేదు, టైపు మాత్రమే చేసింది. అయినా తిట్లు కిటికీలో కనిపించినవాళ్లకే కదా.

"సంతకం చూడప్పా. నాది కాదు."

"మా అమ్మ హాస్టల్లో వంట చేసింది. పింఛను కావాలంటే హాజరు రిజిస్టర్ల కాపీలు తెమ్మంటాండారు. సమాచార హక్కు కింద కాపీలడిగితే దొరకలేదంటాండారు. ఆమె చేతి అన్నం తిన్నోళ్లు మాత్రం ఊరంతా దొరుకుతాండారే!"

షాలినికి నవ్వొచ్చింది. సర్కారు కొలువులో అది అదనపు సేవ కిందికి వస్తుందని ఆపుకుంది.

పై అధికారికి అప్పీలు చేసుకున్నా అదే జవాబు. ఆ తర్వాత తొంభై రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రాసుకోవాలి. సాల్మన్ రాజు శిరివెళ్లలో ట్రాక్టర్ మెకానిక్. ఏ బండినైనా ఒకర్ని అడక్కుండా విప్పే రకం. వకీల్ని అడక్కుండానే అమ్మ తరఫున ఆళ్లగడ్డ కోర్టులో దావా వేశాడు.

ప్రతి వాయిదాకూ ఆఫీసు ఫైలు మోసుకెళ్లే పని షాలినికి పడింది. ఆమె నంద్యాలలో బస్సెక్కేది, అతను శిరివెళ్లలో. మొదటిసారి మొహం తిప్పుకున్నాడు. రెండోసారి చోటు లేక నిలబడ్డాడు. మూడోసారి పక్క సీటులో ఫైలు పెట్టి ఉంచింది. అలా అతని కేసే అతనికి సీటు పట్టింది.

"ఎదురు పార్టీకి సీటు పట్టొచ్చా మేడం?"

"వద్దని చట్టంలో యాడా రాయలేదు. కూచో."

ఆ రోజు వాన. మూతపడని కిటికీ అతని పక్కనే. ఫైలు తీసి చొక్కాలో దాచుకున్నాడు.

"చూడు, నామీది కేసును నేనే తడవకుండా కాపాడతాండా."

"నీమీద కాదప్పా. నువ్వు మామీద ఏసిన కేసు."

"ఏదో ఒగటి. తడిస్తే మళ్లీ దొరకలేదంటారు మీరు."

ఆళ్లగడ్డ మరీ దగ్గరని ఇద్దరికీ ఆ రోజే తెలిసింది.

అప్పుడే సర్కారు వకీలు జవాబు ముసాయిదా పంపాడు. అధికారితో సంతకం పెట్టించాలి. మూడో పేరాలో ఉంది: ఇలాంటి దావా వినే అధికారం ఈ కోర్టుకు లేదు, కమిషన్‌కు వెళ్లాలి. షాలిని వేళ్ల మీద లెక్కపెట్టింది. గడువు ఇంకా ఇరవై ఆరు రోజులుంది.

బస్సులో ఒక్క మాటంటే చాలు. కానీ అంటే, వచ్చే వాయిదాకు శిరివెళ్లలో అతను బస్సెక్కడు. ఆ వారం అతని అమ్మ లూదియమ్మ ఉడకేసి పంపిన శెనక్కాయలు తిన్నది, చెప్పలేదు. ఆఫీసు గుట్టు ఎదుటివాళ్లకు చెప్పరాదన్న రూలు ఆమెకు చాలా సౌకర్యంగా గుర్తొచ్చింది. ముసాయిదాను నాలుగు ఫైళ్ల కింద పెట్టింది. అది పైకి తేలి కోర్టుకు చేరడానికి నెల పట్టింది.

కేసు కొట్టివేయడానికి కోర్టుకు పది నిమిషాలు కూడా పట్టలేదు. "కమిషన్‌కు ఎందుకు పోలేదు?" అని జడ్జి మెత్తగానే అడిగాడు. "తెలీదు సార్," అన్నాడు సాల్మన్ రాజు. తొంభై రోజుల గడువు దాటి అప్పటికి పదకొండు రోజులు.

వరండాలో అడిగాడు. "మీ వకీలుకు ముందే తెలుసంట. నీకు తెలీదు కదా?"

లేదన్న మాట వినడానికే అడిగాడు.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు బస్సెక్కవని."

ఈ మాట కోసం అతను ఎన్ని వాయిదాలు ఎదురు చూశాడో. తీరా వచ్చింది ఈ రోజు. వెనక బస్సుకు వస్తానని చెప్పి అక్కడే నిలబడిపోయాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక షాలిని శిరివెళ్ల వెళ్లింది. లూదియమ్మకు మొత్తం చెప్పింది. వరండాలో మంచం మీద కమిషన్‌కు రాస్తున్న అప్పీలు ఉంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారట. ఆ కారణం దగ్గరే సాల్మన్ రాజు కలం ఆగి ఉంది.

"నా పేరు రాయండి. తెలిసీ దాచినానని సంతకం పెడతా," అంది షాలిని.

"పెడితే నీ ఉద్యోగం?" అని లూదియమ్మ అడిగింది.

"పోతాదేమో."

"ఈ ఇంట్లో ఒకరి ఉద్యోగం లెక్కకు రాకుండా పోయింది చాలు. ఇంకోటి కూడా పోగొట్టుకుంటామా?"

'ఈ ఇంట్లో' అన్న మాటకు సాల్మన్ రాజు తలెత్తాడు. షాలిని తల దించుకుంది.

"అట్లని మర్చిపోయినాననుకోవద్దు పాపా. నాకు అరవై నాలుగు. ఆ కమిషన్ వాళ్లు ఎప్పుడు పిలుస్తారో ఏమో. మీరు నవ్వుకుంటా తిరిగిన ఆ దినాలు నావి."

నవ్వించే మాటలు చాలా వచ్చు షాలినికి, ఒక్కటీ రాలేదు.

సాల్మన్ రాజు కాగితం మీదికి వంగి, 'చట్టం తెలియనందున' అని రాశాడు.

"అది నిజం కాదు," అంది షాలిని.

"నా వరకు నిజమే. నీది నువ్వు మోసుకో." కలం అమ్మ వైపు జరిపి, "రేపు పోస్టాఫీసు కాడికి రా," అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

లూదియమ్మ కలం అందుకుంది. అక్షరాలు నాలుగే. చిన్నప్పుడు బడికి పోని మనిషి. హాజరు రిజిస్టర్లో పెట్టడం కోసం నలభై ఏళ్లు దాటాక నేర్చుకున్న సంతకం అది. వరండాలో గాలికి కాగితం లేస్తోంది. షాలిని ఒక కొస నొక్కి పట్టుకుంది. కాసేపటికి సాల్మన్ రాజు రెండో కొస పట్టుకున్నాడు.