గుమ్మం దగ్గర కాఫీ

రెండు వేల పద్దెనిమిది, వానాకాలం. ఆ ఏడు వాన పట్టుకుంటే తెరిపి ఇవ్వలేదు. గోడలు చెమ్మెక్కాయి, తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి. మా ఆవిడ చేతులకు వణుకు మొదలైంది కూడా అప్పుడే. ఒకరోజు పొయ్యి మీద నుంచి గిన్నె దించబోయి, మరుగుతున్న పాలు ముంజేతి మీద పోసుకుంది. అరవలేదు. "ఏం కాలేదు లెండి" అని తడిగుడ్డ చుట్టుకుంది.

ఆ కట్టు చూసి మా అమ్మాయి ఊరుకోలేదు. తనది మా ఊళ్ళోనే కాపురం. ఆదివారాలు వచ్చి మా ఇద్దరినీ నాలుగు తిట్టి, ఇల్లు సర్ది పోతుంటుంది.

"ఇంక గిన్నెలు దించడాలు వద్దు. కాఫీ మిషను కొందాం. మీట నొక్కితే ఒక కప్పు వస్తుంది" అంది.

"రంపం మిల్లులో నా జన్మంతా మిషన్లతో పోట్లాడాను. ఇంట్లో కూడా మిషనేనా?" అన్నాను.

"దీంతో పోట్లాడక్కర్లేదు నాన్నా. తాగితే చాలు."

కొట్లో కుర్ర సేల్స్‌మన్ మూడు రకాలు వరసగా పెట్టి చూపించాడు. వెనక నీళ్ళ తొట్టి. ముందు చిన్న నోరు. కాఫీ పొడి నింపి రేకు మూత వేసిన బుల్లి డబ్బాలు, వాటిని పాడ్లు అంటారట. పాడ్‌ను ఆ నోట్లో పెట్టి మీట దించితే సూది రేకును పొడుస్తుంది, వేడినీళ్ళు దూరి కాఫీ దిగుతుంది. పని అయ్యాక ఖాళీ పాడ్ కింది అరలో పడుతుంది.

"ఒకేసారి రెండు కప్పులు రావా?" అని అడిగాను.

"రావండి. ఒకరి తర్వాత ఒకరికి."

"రెండోది వచ్చేలోపల మొదటిది చల్లారదూ?"

"ఎవరు ముందో ఇంట్లో మీరే తేల్చుకోవాలి బాబాయ్ గారూ" అని నవ్వాడు.

మా ఆవిడ ఆ మూడింటినీ చూడటం లేదు. అర చివర, విప్పి మళ్ళీ టేపు వేసిన పెట్టె మీద నల్లటి మిషను ఒకటి ఉంది. దాని దగ్గర నిలబడింది.

"దీన్నెందుకు వేరుగా పెట్టారు బాబూ?"

"అది తిరిగొచ్చిందమ్మా. లోపం ఏమీ లేదు. ఇంట్లో తాగేవాళ్ళు లేరని ఇచ్చేశారు."

"పాపం" అంది, బడి దగ్గర తీసుకెళ్ళేవాళ్ళు రాక మిగిలిపోయిన పిల్లను చూసినట్టు. దాని మీద చెయ్యి వేసి, "ఇదే తీసుకుందాం" అంది.

"ఎవరో వద్దనుకున్నది మనకెందుకే?"

"ఎవరో వద్దన్నవన్నీ వదిలేసి ఉంటే మీకు పెళ్ళయ్యేదా?"

సేల్స్‌మన్ మొహం తిప్పుకున్నాడు. మా అమ్మాయి పైకే నవ్వింది. నా చెవులు వేడెక్కాయి.

"ఆ మిషను కాఫీ ఒక్క చుక్క నా గొంతు దిగితే అప్పుడు అడగండి" అన్నాను. నలుగురిలో అన్న మాట. ఇక వెనక్కి తీసుకునేది లేదు.

"మీరు తాగకపోతే నేనూ ముట్టను. ఒక్కదాని కోసం మిషను తిప్పుకునేంత కరువులో లేను" అంది ఆవిడ.

మా అమ్మాయి ఆ నల్ల మిషనునే కొని, తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. పక్కన పాడ్ల పెట్టె పెట్టి, "మీ ఇద్దరి పంతాలూ తీరాక వాడుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మాకు మాటలు లేవు.

మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. ముందు గది నాది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నప్పటి నుంచి అక్కడే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాను. వెనక గది ఆవిడది, కుట్టుమిషను అక్కడే ఉంటుంది. మధ్యలో వంటిల్లు. దానికి అటొక గుమ్మం, ఇటొక గుమ్మం.

మాటలు లేని రోజుల్లో మాకొక పద్ధతి ఉంది. మాట ఆగుతుంది గాని పెట్టడం ఆగదు. కంచం తెచ్చి ఎదుటివాళ్ళ గుమ్మం దగ్గర పెట్టి, వేలి కణుపుతో నేల మీద రెండుసార్లు కొట్టి వెళ్ళిపోవాలి. కూర్చున్నవాళ్ళు తల ఎత్తకూడదు. ఎత్తితే ఓడిపోయినట్టు. ముఖ్యమైనవేమైనా ఉంటే గోడకు చెప్పుకుంటాం. "ఎవరో గొడుగు బయట మర్చిపోయారు" అని నేను గోడతో అంటాను. "ఎవరికో కళ్ళజోడు నెత్తినే ఉంది" అని ఆవిడ తన గోడతో అంటుంది.

వారం గడిచింది. ఒక సాయంత్రం, చినుకు పడుతుండగా, వంటింట్లో మిషను మోగింది. సన్నగా గుర్రు పెట్టినట్టు ఒక చప్పుడు, తర్వాత ఆగి ఆగి బొట్లు పడే చప్పుడు. నా గుమ్మం దగ్గర నేల మీద రెండు దెబ్బలు. టక్… టక్.

తల ఎత్తలేదు. లోపల్లోపల నవ్వుకున్నాను. నా పంతం విరవడానికి ఎత్తు వేసింది అనుకున్నాను. కాసేపాగి చూస్తే నా కప్పు నిండా కాఫీ, పొగలు కక్కుతోంది. చక్కెర లేకుండా చిక్కగా, నాకు ఎలా కావాలో అలాగే. వాసన మాత్రం కాఫీ ఒక్కటే కాదు. దాని అడుగున ఇంకేదో ఉంది. తడిసిన బూడిద వాసన.

కప్పు తీసుకెళ్ళి మెట్ల పక్కనున్న పూలమొక్కలో పారబోశాను. మాటంటే మాటే.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రోజూ సందె చీకటి పడే వేళకు గుర్రు చప్పుడు, బొట్లు, రెండు దెబ్బలు. రోజూ పారబోశాను. మెట్ల దగ్గరి మొక్క నల్లబడింది. ఆకు ఒక్కటీ రాలలేదు. నల్లగా, బిర్రుగా, అలాగే నిలబడి ఉంది. వానకు వేరు కుళ్ళిందనుకున్నాను.

ఆ రోజుల్లో మా ఆవిడ మొహంలో ఒక వెలుగు వచ్చింది. కుట్టుమిషను దగ్గర కూనిరాగాలు తీసేది. గెలుస్తున్నాననుకుంటోంది కాబోలు అనుకుని నేను ఇంకా బిగుసుకున్నాను. అన్నం కంచం మాత్రం సగంతోనే తిరిగి వచ్చేది. తర్వాత ముట్టకుండానే రాసాగింది. "ఎవరికో ఆకలి చచ్చిపోయింది" అన్నాను గోడతో. "ఎవరికో సాయంత్రం కాఫీ చాలు" అని వెనక గదిలోంచి నవ్వు వినిపించింది. నాకు ఇస్తూ తానూ తాగుతోందన్నమాట, అనుకున్నాను.

ఆదివారం అమ్మాయి వచ్చింది. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి నాన్నా అమ్మ ఇలా అయిపోయింది? మొహం పీక్కుపోయింది. చేతులు చూడు, మంచుగడ్డల్లా ఉన్నాయి!"

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు, ఎక్స్‌రే ఫొటోలు తీశారు. ఏ జబ్బూ లేదన్నారు, బలానికి మందు రాశారు. ఆవిడ మాత్రం ఇంటికి రాగానే గడియారం వైపు చూసింది. సాయంత్రం ఎంత దూరంలో ఉందో అన్నట్టు.

మళ్ళీ శుక్రవారం గాలివాన. మధ్యాహ్నానికే ఇల్లు చీకటి గుహ అయింది. సందె వేళకు కరెంటు పోయింది. వీధి మొత్తం పోయింది. కిటికీలోంచి చూస్తే ఎక్కడా ఒక్క దీపం లేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తడిగోడల వాసన. పుస్తకం మూసి కూర్చున్నాను.

వంటింట్లో మిషను మోగింది.

గుర్రుమని… సన్నగా…

కరెంటు లేదు కదా, అనుకున్నాను.

బొట్లు పడ్డాయి. ఆగాయి. అడుగుల చప్పుడు లేదు. వాన వెనక ఎక్కడో కప్పు గచ్చుకు తగిలింది.

టక్… టక్.

టార్చి వెలిగించి, మొదటిసారి తల ఎత్తాను.

గుమ్మంలో ఎవరూ లేరు. కప్పు ఉంది. ఆవిరి పైకి లేవడం లేదు. గదిలో గాలి లేకపోయినా పక్కకు, వంటింటి వైపు పోతోంది.

టార్చి పట్టుకుని లేచాను. వంటింటి గట్టు మీద వెలుతురు వేశాను. మిషను తీగ చుట్ట చుట్టి ఉంది. దానికి మా ఆవిడ ఎర్ర కుట్టుదారం కట్టి ముడి వేసింది, అమ్మాయి తెచ్చిపెట్టిన రోజే. ఆ ముడి విప్పలేదు. పాడ్ల పెట్టె చూశాను. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కాగితం చింపనైనా లేదు. నీళ్ళ తొట్టి ఎండిపోయి ఉంది. లోపల సాలీడు గూడు.

మిషను మీద చెయ్యి పెట్టాను. కాలింది.

వెనక గదికి వెళ్ళాను. చీకట్లో కూర్చుని ఉంది. నీలి గీత ఉన్న తన కప్పు పెదవుల దగ్గర ఉంది. టార్చి వెలుతురుకు కళ్ళు చిట్లించి నవ్వింది.

"తల ఎత్తారు" అంది గుసగుసగా. "ఓడిపోయారు."

"ఓడిపోయాను. ఆ కప్పు కింద పెట్టు."

"ఎందుకు? మీరు పెట్టిందేగా. ఎంత పంతం ఉన్నా నా కోసం మిషను నేర్చుకున్నారనుకుని… రోజూ ఎంత సంబరపడ్డానో తెలుసా?"

"నేను పెట్టలేదే."

"ఊరుకోండి, హాస్యాలు."

"ఒట్టు. నువ్వే నాకు పెడుతున్నావనుకున్నాను."

ఆవిడ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

"నేను ఆ మిషను ముట్టుకోలేదండీ…"

ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఇంట్లో మూడో మనిషి లేరు.

వంటింట్లో మళ్ళీ మోగింది.

గుర్రు… బొట్లు… ఆగింది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళలో ఎముకల చల్లదనం తప్ప ఏమీ లేదు.

"ఎవరండీ?"

"మాట్లాడకు."

టక్… టక్.

మా కాళ్ళ ముందు. గుమ్మం దగ్గర కాదు. గది లోపల.

టార్చి కిందికి దించలేకపోయాను. దించితే ఏం కనిపిస్తుందో అని. బూడిద వాసన ముక్కు పట్టేసింది. ఎవరో మా ఇద్దరి మధ్య వంగి, మేము తీసుకునేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉన్నట్టు అనిపించింది. ఆవిడ చేతిలో కప్పు లాక్కుని గోడకేసి కొట్టాను. ముక్కలైంది. ఒలికింది కాఫీ కాదు. నల్లటి చల్లటి నీళ్ళు. అడుగున బూడిద.

వాసన పోయింది. కరెంటు వచ్చింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

మా ఆవిడ నేల మీదికి వంగింది. భయంతో వంగిందనుకున్నాను. ఆ తడిలో వేలు ముంచి నోటి దగ్గర పెట్టుకోబోయింది. చెయ్యి పట్టి ఆపితే నా మొహంలోకి చూసి ఏడ్చింది.

"అయ్యో, చల్లారిపోతోందండీ…"

తెల్లవారగానే మిషనును పెట్టెలో పెట్టి, తాడు బిగించి, పెరట్లో కట్టెల కొట్టంలో పడేసి తాళం వేశాను. ఆ రోజు నుంచి గంట కూడా ఆవిడను వదల్లేదు. అంతకాలం దాచుకున్న మాటలన్నీ చెప్పాను. వింటూనే ఉండేది. సందె వేళకు మాత్రం తల కొట్టం వైపు తిరిగిపోయేది. కొట్టంలోంచి వాన చప్పుడులో కలిసి గుర్రు వినిపించేది. అన్నం పెడితే వద్దనేది. మంచినీళ్ళు వద్దనేది. "అది కాదండీ" అనేది, చిన్నపిల్లలా.

వాన వెలిసిన రోజు, సందె వేళకు పోయింది. నా ఒళ్ళోనే పోయింది. డాక్టరు గుండె అని రాశాడు.

తర్వాత చాలా రోజులు నాకు ఏదీ తెలియలేదు. ఒక ఆదివారం మా అమ్మాయి నా పక్కన కూర్చుని చెప్పింది.

"కొట్టం తాళం తీసి ఆ మిషను కొట్లో తిరిగి ఇచ్చేశాను నాన్నా. అది కళ్ళ ముందుంటే నీకు బాధ."

"ఎప్పుడు?"

"మొన్న. ఏమైనా లోపమా అని అడిగాడు. లోపమేం లేదు, ఇంట్లో తాగేవాళ్ళు లేరని చెప్పాను."

చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకు వెళ్ళాను. అర చివర ఖాళీగా ఉంది. నిన్ననే పోయిందండీ బాబాయ్ గారూ, అన్నాడు సేల్స్‌మన్. ఎవరో కొత్త జంటట. పేరూ వీధీ తెలియవు. ఆ అమ్మాయి దాని మీద చెయ్యి వేసి పాపం అందట.

ఇప్పుడు మా ఇంట్లో ఏ మిషనూ లేదు. కుట్టుమిషను కూడా అమ్మాయి తీసుకెళ్ళింది. అయినా సందె చీకటి పడితే ముందు గదిలో నా కుర్చీ పక్కన నేల మీద రెండు దెబ్బలు పడతాయి. తల ఎత్తను. కాసేపాగి చూస్తే కాఫీ ఉంటుంది, వేడిగా. నా కప్పులో కాదు. నీలి గీత ఉన్న కప్పులో. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.

ఇంతవరకు తాగలేదు. మొక్క పోయింది, ఆవిడ పోయింది. పారబోయడానికి లేచే ఓపిక రోజురోజుకీ తగ్గుతోంది.