ఒకే ఈడు పిల్లలు

డాక్టర్ ప్రణీత స్కానర్‌ని ఆముక్త జబ్బ మీదున్న ప్యాచ్‌కి ఆనించి, రీడింగ్ చూసి తృప్తిగా తలూపింది. విశాఖలో ఆ ప్యాచ్ వేయించుకున్న మొదటి పిల్లల్లో ఆముక్త ఒకతె. ఇప్పుడు పన్నెండేళ్లు.

ఆ రోజుల్లో ఆడపిల్లలు ఏడెనిమిదేళ్లకే పెద్దమనుషులైపోతున్నారు. మెదడులోని హైపోథాలమస్ తొందరపడి సిగ్నల్స్ పంపిస్తే ఒళ్లు ఎదిగిపోతుంది. ఎముకల ఎదుగుదల ముందే ఆగి పొట్టిగా ఉండిపోతారు. మనసేమో ఇంకా రెండో తరగతిలోనే ఉంటుంది. ప్రణీత కనిపెట్టిన ప్యాచ్ ఆ సిగ్నల్స్‌ని పసిగట్టి అణిచి ఉంచుతుంది. తీసేస్తే కొన్ని నెలల్లో ఎదుగుదల మళ్లీ మొదలవుతుంది. ఒకసారి తీశాక మాత్రం తిరిగి వేయడం కుదరదు.

ప్యాచ్ వచ్చేసరికే పక్క ఫ్లాట్ జోయా పెద్దమనిషైపోయింది. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే బెంచీ. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో నిద్రపోయేవాళ్లు. అలాంటిది, బస్సులో మగవాళ్ల చూపులు మొదలయ్యాక జోయా దుపట్టా కప్పుకుని, తలుపేసుకుని ఇంట్లోనే ఉండిపోయింది. ఆముక్త రోజూ షటిల్ బ్యాట్‌తో కిందికెళ్లి, ఒక్కతే గోడకేసి కొట్టుకునేది.

ఇంకో ఏడాది ఉంచుదామంది డాక్టర్.

"తీసేయండి ఆంటీ. నేను జోయాలా అయిపోవాలి."

జోయా దిగులుకి మందులు వాడుతోందని, నిద్రపట్టక అల్లాడుతోందని, ఆ బాధ రాకూడదనే ఇదంతా అని ప్రణీత నచ్చజెప్పింది. ఆముక్త అంతా విన్నది.

"మీరు ఆడుకునే వయసు మిగిల్చారు ఆంటీ. ఆడుకోడానికి ఎవరూ లేరు."

పక్కనే ఉన్న ఆముక్త తల్లి కూడా ఇక చాలంది. ప్రణీత ప్యాచ్ తీసేసింది.

ఆ సాయంత్రమే ఆముక్త జోయాకి చెయ్యి చూపించింది. ఆమె కంటే జానెడు పొట్టిగా ఉన్న జోయా, ప్యాచ్ ఉన్నచోట మిగిలిన మచ్చని తడిమి ఏడ్చేసింది.

"ఎందుకు తీయించుకున్నావే? నువ్వు ఆడుతుంటే రోజూ కిటికీలోంచి చూసేదాన్ని. నేనూ ఆడుతున్నట్టే ఉండేది."

"మరి కిందికి రాలేదేం?"

"పెద్దమనిషినయ్యాక నాతో ఆడవనుకున్నా."

మర్నాడు జోయా దుపట్టా నడుముకి బిగించి కిందికొచ్చింది. రెండు పాయింట్లకే ఆయాసపడి, నవ్వుతూ నేల మీద కూలబడింది. ఆముక్త పక్కనే కూర్చుంది. తన ఒంట్లో ఆ సిగ్నల్స్ రావడం ఇంకొంచెం ఆలస్యమైతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది ఆముక్తకి.